గెలిచే మనసు: అజాన్ నేర్పే పాఠం



మన వీధి మస్జిదు నుంచి రోజుకు అయిదుసార్లు అజాన్ వినిపిస్తుంది. ముఅజ్జిన్ కుడివైపు ముఖం తిప్పి నమాజుకు పిలుస్తాడు. ఆ తర్వాత ఎడమవైపు తిరిగి ‘హయ్యా అలల్ ఫలాహ్’ అంటాడు. సాఫల్యం వైపునకు రండి అని దాని భావం. ఒక్కో అజాన్‌లో రెండేసి మార్లు చొప్పున, రోజు మొత్తం మీద పదిసార్లు ఈ గెలుపు పిలుపు మన చెవిన పడుతుంది.

అయినా మన ఇళ్ళలో మాటలు ఎలా ఉంటున్నాయి? “మా వాడికి ఏదీ కలిసిరాదు.” “మన కిస్మత్ ఇంతే.” “మనవాళ్ళకి ఎవరిస్తారండీ ఉద్యోగం?” భోజనానికి దస్తర్‌ఖాన్ పరిచాక ఈ మూడు మాటల్లో ఒక్కటైనా వినకుండా లేవడం కష్టమే. పిల్లలు ఇవి వింటూ పెరుగుతారు. మస్జిదు నుంచి పదిసార్లు వినే పిలుపు కన్నా అబ్బా నోట ఒక్కసారి విన్న నిట్టూర్పే వాళ్ళ మనసులో లోతుగా నాటుకుపోతుంది.

అందుకే ఈ నెల మనం గెలిచే మనసు గురించి మాట్లాడుకుందాం. అయితే దానికి ముందు, ముఅజ్జిన్ మనల్ని పిలుస్తున్న ఆ గెలుపు ఏమిటో తెలుసుకోవాలి కదా!

అరబీ భాషలో ‘ఫలాహ్’ అనే పదానికి మూలం ఫ-ల-హ అనే మూడక్షరాల ధాతువు. చీల్చడం, భూమిని దున్నడం అని దాని తొలి అర్థం. రైతును అరబీలో ‘ఫల్లాహ్’ అంటారు. గెలుపు అనే మాట, రైతు అనే మాట ఒకే కాడికి పూసిన రెండు పూలన్నమాట. మేము మదర్సాలో ఈ ధాతువు చదివిన రోజు మా ఉస్తాద్ పుస్తకం మూసేసి, రైతు పనుల్లో ఏవి అతని చేతిలో ఉన్నాయో, ఏవి లేవో మా చేత పలకల మీద రాయించారు. దున్నడం, విత్తడం, కలుపు తీయడం, కాపలా కాయడం ఒక పక్క. వాన, మొలక, గింజ గట్టిపడటం ఇంకో పక్క. సూరా వాకిఅలో అల్లాహ్ కూడా ఇలాగే విత్తే పనిని మనిషిదిగా, మొలిపించే పనిని తనదిగా వేరుచేసి చూపాడు. దివ్యఖుర్ఆన్ రెండవ సూరా మొదట్లోనే సాఫల్యం పొందేవారెవరో చెబుతూ వాడిన ‘ముఫ్లిహూన్’ అనే మాట, 23వ సూరాను ప్రారంభించిన మాట కూడా ఈ ధాతువు నుంచి వచ్చినవే.

ఈ రెండు పక్కలను వేరుగా చూడగలగడం, తన పక్కన ఉన్నదాన్ని పూర్తిగా చేయడం, రెండో పక్కను దాని యజమానికి అప్పగించడం - నాకు తెలిసినంతలో గెలిచే మనసు అంటే ఇదే. చెప్పినంత తేలిక కాదు. ఎందుకో చూద్దాం.

జాలరిపేట ఒడ్డున

మా విశాఖపట్నంలో పొలాలు చూడాలంటే ఊరు దాటాలి. కానీ సముద్రం మా గుమ్మంలోనే ఉంది. చినవాల్తేరు పక్కన, లాసన్స్ బే దరిదాపుల్లో ఉన్న పెద జాలరిపేట వైపు ఫజర్ నమాజు తర్వాత నేను ఒక్కోసారి నడుస్తాను. ఆ వేళకు కొన్ని పడవలు చీకట్లోనే వెళ్ళి నీళ్ళ మీద చుక్కల్లా కనబడుతుంటాయి. కొన్ని తిరిగి ఒడ్డుకు వస్తుంటాయి. ఆడవాళ్ళు గంపలతో సిద్ధంగా ఉంటారు. చేప ఇసుక మీద పడీపడకముందే బేరం మొదలవుతుంది.

ఒకరోజు ఒక పడవ దాదాపు ఖాళీగా వచ్చింది. నలుగురూ కలిసి దాన్ని పైకి లాగారు. వలలో చిక్కుకున్న నాచు దులిపారు. వారిలో ఒక పెద్దాయన పడవ నీడలో కూర్చుని చిరిగినచోట వల అల్లడం మొదలుపెట్టాడు. ఏం పడింది తాతా అని అడిగాను. “ఏటీ నేదు సాయిబు గారూ. రేపెల్తాం గదా” అన్నాడు. తల కూడా ఎత్తలేదు, చేతులు వల మీదే ఉన్నాయి.

ఆ పేటలో వారు చాలావరకు మన మతం వారు కారు. అయినా ఆ పెద్దాయన మాటల్లో నాకు ఒక హదీసు కనబడింది. హజ్రత్ ఉమర్ (రజి) ద్వారా తిర్మిజీ గ్రంథంలో వచ్చిన హదీసు అది. అల్లాహ్‌ను నమ్మవలసిన విధంగా నమ్మితే పక్షులకు ఉపాధి లభించినట్టే మనకూ లభిస్తుందని, అవి ఉదయం ఖాళీ కడుపుతో వెళ్ళి సాయంత్రానికి కడుపు నిండి వస్తాయని దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును మనం జుమా బయానుల్లో తరచూ వింటాం. చాలామంది ‘లభిస్తుంది’ అనేచోట ఆగిపోతారు. పక్షి వెళ్ళడం అనే మాట కూడా అందులో ఉంది. గూట్లో కూర్చున్న పక్షి గురించి దైవప్రవక్త (స) చెప్పలేదు. ఇంకో సంగతి కూడా గమనించండి. బయలుదేరేటప్పుడు ఆ పక్షికి ఈ రోజు గింజ ఎక్కడ దొరుకుతుందో తెలియదు. తెలియకుండానే రెక్క విప్పుతుంది.

ఆ జాలరి కూడా ఈరోజు ఏమీ పడలేదన్నాడే తప్ప నేను పనికిరానివాణ్ణి అనలేదు. ఈరోజు దక్కిన ఫలితం వేరు, తాను వేరు. మనలో ఎంతమందికి ఈ తేడా తెలుసు? ఒక వ్యాపారం దెబ్బతింటే మనం దెబ్బతిన్నవాళ్ళమై పోతాం. ఒక పరీక్ష తప్పితే మనమే తప్పిపోయినట్టు తలదించుకుంటాం.

రెండు వైపులా ఉన్న గోతులు

తద్‌బీర్, తఖ్‌దీర్ అని ఉర్దూలో ఒక జంట ఉంది. తద్‌బీర్ అంటే మన ప్రయత్నం, మన ఉపాయం. తఖ్‌దీర్ అంటే దైవ నిర్ణయం. ఈ రెంటిలో ఒక్కదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసినవాడు ఏదో ఒక గోతిలో పడతాడు.

బస్ కాంప్లెక్సులో, రైల్వే స్టేషన్‌లో పుస్తకాల దుకాణాల ముందు నిలబడితే వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వరుసగా కనబడతాయి. వాటిని నేను తీసిపారేయను. నేనూ కొన్ని చదివాను. సమయం వృథా చేయవద్దని, గురి పెట్టుకోమని అవి చెప్పే మాటలు మంచివే. కానీ వాటిలో కొన్ని ఒక అడుగు ముందుకు వేసి, నువ్వు గట్టిగా కోరుకుంటే ఏదైనా సాధిస్తావు అంటాయి. ఇక్కడే చిక్కు. గెలుపంతా నా వల్లే అనుకున్నవాడు ఓడినప్పుడు ఓటమంతా కూడా నా వల్లే అనుకోవాలి. ఆ బరువు మోయలేక ఎందరో కుంగిపోతున్నారు. గెలిచినప్పుడేమో ఖారూన్ అవుతారు. మూసా (అలైహిస్సలామ్) జాతివాడైన ఖారూన్‌కు అపారమైన నిధులుండేవి. సూరా ఖసస్‌లో అతని కథ ఉంది. ఈ సంపదంతా తన జ్ఞానం వల్లే వచ్చిందన్నాడు. చివరకు ఇల్లుతో సహా భూమిలోకి కూరుకుపోయాడు.

రెండో గొయ్యి మన ఇళ్ళకు ఇంకా దగ్గరిది. సోమరితనానికి తవక్కుల్ అని పేరు పెట్టుకోవడం. దుకాణం పదింటికి తెరిచి, అల్లాహ్ ఇచ్చేదైతే ఇస్తాడులే అనడం. ఒంటెను కట్టి తవక్కుల్ చేయనా, వదిలేసి చేయనా అని అడిగిన మనిషికి ముందు కట్టమని, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు అందరికీ తెలిసిందే. హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో ఇదే విషయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆయన ఖలీఫాగా సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరాక, అక్కడ ప్లేగు వ్యాపించిందని వార్త వచ్చింది. సహాబాలతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపునకే వెళుతున్నానని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయలో ఒక పక్క పచ్చిక, ఒక పక్క బీడు ఉంటే ఒంటెల్ని ఎటు మేపినా అది అల్లాహ్ విధే కదా అని ఉదాహరణ కూడా చెప్పారు. బుఖారీలో ఈ సంఘటన వివరంగా ఉంది.

హుద్‌హుద్

ఈ జవాబుకు అర్థం ఏమిటో విశాఖ వాసులకు 2014 అక్టోబరు 12న కళ్ళారా తెలిసింది. బక్రీద్ అయి వారం తిరగకముందే వచ్చిపడిన ఆ తుపాను పేరు హుద్‌హుద్. ఒమాన్ దేశం సూచించిన పేరు అది. ముందుగానే హెచ్చరికలు వచ్చాయి. తీరంలోని వేలాది కుటుంబాలను పునరావాస కేంద్రాలకు తరలించారు. పడవను, వలను వదిలి రావడం జాలరికి ప్రాణం వదిలి వచ్చినంత పని. అయినా కదిలారు. అలా కదలడం విధిని కాదనడం కానే కాదు. ఉమర్ (రజి) చెప్పిన లోయలో పచ్చిక ఉన్న పక్కకు నడవడం.

హుద్‌హుద్ అంటే ఏమిటో మన పిల్లల్ని అడిగితే చాలామంది తుపాను పేరే చెబుతారు. అది నిజానికి ఒక పక్షి. తల మీద కిరీటంలా కుచ్చు ఉంటుంది, తెలుగులో కూకుడు గువ్వ అంటారు. దివ్యఖుర్ఆన్ 27వ సూరా అయిన నమ్ల్‌లో దీని ప్రస్తావన ఉంది. సులైమాన్ (అలైహిస్సలామ్) సైన్యంలో మనుషులు, జిన్నులు, పక్షులు ఉండేవారు. ఒకనాడు ఆయన పక్షులను తనిఖీ చేస్తే హుద్‌హుద్ కనబడలేదు. సరైన కారణం చూపకపోతే కఠిన శిక్ష తప్పదన్నారు. కొద్దిసేపటికి అది వచ్చింది. సబా అనే దేశం గురించి, అక్కడి రాణి గురించి, ఆ జనం సూర్యుణ్ణి పూజించడం గురించి రూఢి అయిన వార్త తెచ్చింది. అంతటి ప్రవక్తకు అంతవరకూ తెలియని సంగతి అరచేతిలో పట్టేంత పక్షి తెచ్చి చెప్పింది. ఆ వార్తతో మొదలైన కథ చివరకు ఆ రాణి విశ్వాసిగా మారడం దాకా వెళ్ళింది.

అంతటి సైన్యంలో నేనెంత, నా రెక్కలెంత అని హుద్‌హుద్ ఒక మూల కూర్చోలేదు. అంత దూరం ఎగిరి, చూసినదాన్ని నిజాయితీగా చెప్పింది. చెప్పవలసింది అంతే. వార్త నిజమో కాదో పరీక్షించడం, ఉత్తరం రాయడం సులైమాన్ (అలైహిస్సలామ్) చూసుకున్నారు. ఆ ఉత్తరం మోసే పని మళ్ళీ ఈ పక్షికే దక్కింది.

ఆ తుపాను తర్వాత ఊరిలో చెట్లు కొట్టేసిన అడవిలా పడి ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. ఒడ్డున పడవలు ఎన్ని ముక్కలయ్యాయో! కానీ ఆ తర్వాత మొక్కలు నాటారు. ప్రళయం వచ్చే ఘడియలో కూడా చేతిలో మొక్క ఉంటే, వీలైతే దాన్ని నాటేయమని దైవప్రవక్త (స) చెప్పినట్టు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంగా ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఆ మొక్క పెరగదు. నీడ ఇవ్వదు. అది మొక్క నాటేవాడికీ తెలుసు. అయినా నాటమన్నారు. ఫలితానికీ పనికీ మధ్య ఉన్న గీతను ఇంతకన్నా స్పష్టంగా ఎవరు గీయగలరు?

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి దాదాపు 40 పడవలు కాలిపోయాయి. ఒక్కో పడవ లక్షల విలువ చేసేది. పరిహారం అందిందనుకోండి, అయినా కాలిన పడవ మీద బతికిన కూలీకి ఆ నెల గడవడం ఎంత కష్టం! ఇలాంటి వారి ముందు నిలబడి ధైర్యంగా ఉండు అని ఉపన్యాసం ఇవ్వడం సులువు. మన దీన్ దానితో ఊరుకోదు. జకాత్ పొందేందుకు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో కూరుకున్నవారిని అల్లాహ్ ప్రత్యేకంగా చేర్చాడు. పడినవాణ్ణి లేపే చెయ్యి లేకుండా గెలిచే మనసు గురించి మాట్లాడటం సగం పాఠమే అవుతుంది.

‘అలా చేసి ఉంటే’

ఓటమి తర్వాత మనసు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు ఉహుద్‌లో ఉంది.

హిజ్రీ 3వ సంవత్సరం. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (స) మొగ్గు. బయటకు వెళ్ళి పోరాడాలని యువకులు ఉత్సాహపడ్డారు. సంప్రదింపుల తర్వాత వారి మాటే నిలిచింది. కొండ మీద 50 మంది విలుకాండ్రను నిలిపి, ఏమైనా సరే కదలవద్దన్నారు. గెలుపు కనబడగానే వారిలో చాలామంది యుద్ధప్రాప్తి కోసం దిగిపోయారు. శత్రువు వెనుక నుంచి వచ్చిపడ్డాడు. 70 మంది షహీదులయ్యారు. వారిలో ప్రియమైన చిన్నాన్న హమ్జా (రజి) ఉన్నారు. దైవప్రవక్త (స) ముఖానికి గాయమైంది, పన్ను విరిగింది.

మన ఇంట్లో ఇలాంటిది జరిగితే మొదటి మాట ఏమొస్తుంది? “నేను ముందే చెప్పానా!” ఉహుద్ తర్వాత ఆ మాట రాలేదు. పైగా ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్‌లో వారిని మన్నించమని, వారికోసం క్షమాపణ వేడమని, ఇకముందు కూడా వారిని సంప్రదిస్తూనే ఉండమని, ఆపై ఒక నిర్ణయానికి వచ్చాక అల్లాహ్ మీద నమ్మకం ఉంచమని ఆదేశం వచ్చింది. ఎవరి సలహా మీద బయటకు వెళ్ళి దెబ్బతిన్నారో వారినే మళ్ళీ సలహా అడగమనడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి. పైగా యుద్ధం ముగిసిన మర్నాడే, గాయాలు ఆరకముందే, అదే సహాబాలు శత్రువును వెంబడిస్తూ హమ్రావుల్ అసద్ దాకా వెళ్ళారు.

అదే సమయంలో మదీనాలో ఇంకో గొంతు కూడా వినిపించింది. మా మాట విని ఉంటే చచ్చేవారే కారు అని కపటులు అన్నారు. ఈ ‘ఉంటే’ను అరబీలో ‘లౌ’ అంటారు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. నన్నడిగితే గెలిచే మనసుకు పాఠ్యపుస్తకం ఆ ఒక్క హదీసే. బలహీనుడైన విశ్వాసి కన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియుడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉందని మొదట చెప్పారు. తర్వాత మేలు చేసేదాని కోసం ఆత్రపడమని, అల్లాహ్ సాయం కోరమని, చేతకానివాడిలా కూలబడవద్దని అన్నారు. ఏదైనా నష్టం కలిగితే అలా చేసి ఉంటే ఇలా అయ్యేది కదా అనకుండా, ఇది అల్లాహ్ నిర్ణయం, ఆయన తలచినదే చేశాడు అనుకోమన్నారు. ఎందుకంటే ఈ ‘లౌ’ షైతాన్ పనికి తలుపు తెరుస్తుంది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. అలాగైతే తప్పుల నుంచి నేర్చుకోవద్దా? తప్పకుండా నేర్చుకోవాలి. విలుకాండ్రు చేసిన పొరపాటును ఖుర్ఆనే ఆలి ఇమ్రాన్ 152లో ఎత్తిచూపింది. తేడా ఎక్కడుందో నా అనుభవం ఒకటి చెబుతాను.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు మొదటిసారి తరావీహ్ చదివించాను. ఆరాఫ్ సూరాలో మూసా (అలైహిస్సలామ్), మాంత్రికుల ఘట్టం చదువుతూ నాకు తెలియకుండానే షుఅరా సూరాలోకి జారిపోయాను. రెండింటి మాటలూ దగ్గరదగ్గరగా ఉంటాయి, హాఫిజ్‌లకు ఈ బాధ తెలుసు. వెనుక నుంచి సామిఅ లుఖ్మా ఇచ్చాడు. సర్దుకున్నాను. మళ్ళీ తప్పాను. ఒక్క రాత్రిలో మూడుసార్లు! మర్నాడు జ్వరమని చెప్పి మానేద్దామనుకున్నాను. జ్వరం లేదు, సిగ్గు ఉంది. ఊళ్ళో ఉన్న మా ఉస్తాద్‌కి ఫోన్ చేసి, ఈ బాధ్యత ఒప్పుకోకుండా ఉంటే పోయేది హజ్రత్ అన్నాను. ఆయన అదేమీ పట్టించుకోలేదు. ఇవాళ్టి పారా ఎవరికైనా ఎన్నిసార్లు వినిపించావ్ అని అడిగారు. ఒక్కసారి కూడా లేదన్నాను, ఒంటరిగా చదువుకున్నానన్నాను. రేపటిది అసర్ లోపల ఇద్దరికి వినిపించు అని పెట్టేశారు.

ఒప్పుకోకుండా ఉంటే అనేది లౌ. దాని నుంచి ఏ పనీ పుట్టదు. ఎన్నిసార్లు వినిపించావ్ అనేది ముహాసబా, అంటే ఆత్మపరిశీలన. దాని నుంచి అసర్ లోపల చేయాల్సిన పని పుట్టింది. మర్నాడు తప్పులు రాలేదని చెప్పను. ఒకటి వచ్చింది.

ఫలితాల రోజు మన ఇల్లు

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వస్తాయి. ఆ వెంటనే పత్రికల్లో గుండె పిండే వార్తలు కూడా వస్తుంటాయి. ఒక సబ్జెక్టు పోయిందని నిండు జీవితం వదులుకున్న పిల్లలు! ఆత్మహత్య హరామ్ అని మనకు తెలుసు. ఆ మాట చెప్పి మన బాధ్యత తీరిపోయిందనుకుంటే మాత్రం పొరపాటు. ఆ పిల్లవాడు చివరిసారి మన ఇంట్లో ఏ మాట విన్నాడన్న ప్రశ్న తల్లిదండ్రులను వదలదు.

హజ్రత్ అనస్ (రజి) బాలుడిగా వచ్చి పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారైనా విసుక్కోలేదని, ఎందుకు చేశావని గాని ఎందుకు చేయలేదని గాని అడగలేదని ఆయనే చెప్పారు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఆయన్ను నిందిస్తే, వదిలేయండి, జరగాలని ఉంటే జరిగేదే అనేవారట. తఖ్‌దీర్ అనే మాటను ఎక్కడ వాడాలో చూశారా! మనం పనికి ముందు వాడతాం, చేయకుండా తప్పించుకోవడానికి. దైవప్రవక్త (స) పని అయిపోయాక వాడారు, పొరపాటు చేసిన పిల్లవాణ్ణి నింద నుంచి కాపాడటానికి.

మార్కుల కాగితం చేతికొచ్చిన రోజున మన పిల్లవాడి పక్కన కూర్చోండి. అన్నం పెట్టండి. పెదనాన్న కొడుకుతో పోల్చకండి. సప్లిమెంటరీకి ఫీజు గడువు ఎప్పుడో మర్నాడు మాట్లాడుకోవచ్చు. పిల్లవాడు తిండి నిద్ర మానేసి మూలన కూర్చుంటే, చనిపోతానన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి. వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నెంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. మనసుకు వైద్యం చేయించడం ఈమాన్ తక్కువై కాదు. చికిత్స చేయించుకోమని మనకు చెప్పినవారు దైవప్రవక్తే (స).

యాఖూబ్ (అలైహిస్సలామ్) కళ్ళు కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి తెల్లబారాయి. ఆ కన్నీళ్ళను అల్లాహ్ తప్పుపట్టలేదు. ఆ స్థితిలోనే ఆయన మిగతా కొడుకులతో వెళ్ళి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెతకమన్నారు, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దన్నారు. ఏడుపు, వెతుకులాట రెండూ ఒకే మనిషిలో, ఒకే సమయంలో ఉన్నాయి. గెలిచే మనసున్నవాడు ఏడవకూడదనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ప్రవక్తల జీవితాల నుంచి మాత్రం రాలేదు.

పడవలు ఒడ్డునున్న రోజులు

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలు సంపాదన ఉండదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కాలానికి ఒక్కో కుటుంబానికి 20 వేల రూపాయలు ఇచ్చింది. చాలీచాలని బతుకే. కానీ ఆ రోజుల్లో ఒడ్డుకు వెళ్ళి చూడండి. ఇంజన్లు విప్పుతుంటారు, పడవలకు రంగులు వేస్తుంటారు, వలలు బాగుచేస్తుంటారు. ఆగిపోవలసి వచ్చిన కాలం మనకూ వస్తుంది. ఉద్యోగం పోతుంది. జబ్బు మంచం ఎక్కిస్తుంది. ఆ రోజులు వృథా అయ్యాయనుకుంటాం.

హిజ్రీ 6వ సంవత్సరంలో దాదాపు 1400 మంది ఉమ్రా కోసం బయలుదేరి మక్కా పొలిమేరల్లో హుదైబియా వద్ద ఆగిపోయారు. ఈ ఏడు వెనక్కి వెళ్ళిపోవాలన్న షరతుతో సంధి కుదిరింది. సహాబాల గుండెలు పగిలాయి. లేచి ఖుర్బానీ ఇచ్చి తలలు గొరిగించుకోమని దైవప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా ఎవరూ లేవలేదు. ఆయన గుడారంలోకి వెళ్ళి ఉమ్మె సలమా (రజి)కు ఈ సంగతి చెప్పారు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి మీ ఒంటెను మీరు ఖుర్బానీ చేయండి, తల గొరిగించుకోండి అని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు. దిగాలుపడి కూర్చున్న 1400 మందిని కదిలించింది ఒక ఇల్లాలి సూచన, మాటలు లేని ఒక పని. తిరుగు ప్రయాణంలోనే ఫతహ్ సూరా అవతరించింది. వారు ఓటమి అనుకున్నదాన్ని అల్లాహ్ స్పష్టమైన విజయం అన్నాడు. రెండేళ్ళకు మక్కాలోకి నడిచినవారు 10 వేల మంది.

ఉమ్మె సలమా (రజి) సలహాలో మన అక్కచెల్లెళ్ళకు ఎంతో ఉంది. కూలబడినవాడికి ఉపదేశం ఎక్కదు. పక్కన మనం లేచి ఏదో పని మొదలుపెడితే కాసేపటికి అతనూ లేస్తాడు.

రోజువారీ సంగతికొస్తే నేను ఎక్కువ చెప్పను. తన సముదాయానికి ఉదయపు వేళల్లో బర్కత్ ఇవ్వమని దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ హదీసును ఉల్లేఖించిన సఖర్ గామిదీ (రజి) వర్తకుడు. ఆయన తన సరుకును పొద్దున్నే పంపేవారు, సంపన్నులయ్యారు. ఫజర్ చదివి మళ్ళీ పడుకునే అలవాటు మనలో ఎందరికుందో లెక్క తీయనక్కర్లేదు. అలాగే దిగులు, దుఃఖం, చేతకానితనం, సోమరితనం నుంచి అల్లాహ్ శరణు కోరే మస్నూన్ దుఆ బుఖారీలో ఉంది. పిల్లలకు అర్థంతో సహా నేర్పండి. దుఃఖం గడిచినదాని గురించి, దిగులు రాబోయేదాని గురించి అని ఉలమా వివరించారు. ఆ రెండూ తొలగితే మిగిలేది ఈరోజు. దాన్ని చేతకానితనం, సోమరితనం తినేయకుండా చూసుకోవాలి. కొంచెమైనా సరే నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ప్రియమైనదన్న హదీసు కూడా ఆ పక్కనే నేర్పవచ్చు.

ఈ నెల పాఠంగా ఇంట్లో ఒక పని చేసి చూడండి. వారం రోజులపాటు రాత్రి భోజనం దగ్గర ప్రతి ఒక్కరూ ఆ రోజు తమ చేతిలో ఉన్న ఏ పని చేశారో చెప్పాలి. ఎంత వచ్చింది, ఎన్ని మార్కులు పడ్డాయి అని ఎవరూ అడగకూడదు. చిన్నవాళ్ళతో మొదలుపెట్టకండి. ముందు అబ్బా చెప్పాలి, తర్వాత అమ్మీ, ఆ తర్వాత పిల్లలు. అబ్బాకు చెప్పడానికి ఏమీ లేని రోజు ఉంటే, అదీ పిల్లల ముందు ఒప్పుకుని, రేపు ఏం చేయబోతున్నారో చెప్పాలి.